నల్లమలలో రెండు రోజులు: జలపాతాలు, జంతువులు, దారి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నాగర్‌కర్నూల్ జిల్లా. వానలు పడి వాగులు పారడం మొదలైతే చాలు, హైదరాబాద్‌లో, నల్లగొండలో, పాలమూరులో ఉన్న చుట్టాలు, స్నేహితులు ఫోన్లు చేస్తారు. అడిగేవి దాదాపు ఒకే ప్రశ్నలు: మల్లెలతీర్థం జలపాతంలో నీళ్లున్నాయా, పులి కనిపిస్తుందా, రాత్రి అడవి గేటు తీస్తారా. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఒకే ట్రిప్పులో జలపాతం, జంతువులు రెండూ చూడొచ్చా?

అందరూ అడిగేది ఇదే. చిక్కు కూడా ఇక్కడే ఉంది.

నల్లమల జలపాతాలు వాన మీద బతికేవి. జులైలో నాలుగు గట్టి వానలు పడ్డాక మొదలై, ఆగస్టు, సెప్టెంబరులో జోరు మీదుండి, నవంబరు దాటితే సన్నబడతాయి. మార్చికి చాలాచోట్ల రాయి మీద తడి మాత్రమే మిగులుతుంది. జంతువుల లెక్క దీనికి తలకిందులు. వానాకాలంలో అడవి నిండా నీళ్లు, నిండా పచ్చగడ్డి. ఏ జంతువూ ఫలానా కుంట దగ్గరికి రావాల్సిన పని లేదు. చెట్లు, పొదలు ఆకు దట్టంగా వేసుకుని ఉంటాయి కాబట్టి పది గజాల దూరంలో దుప్పి నిలబడినా మీకు కనిపించదు. పైగా జులై నుంచి సెప్టెంబరు చివరి దాకా సఫారీ మూసేస్తారు. ఎండాకాలంలో ఆకు రాలి, నీళ్లు కొద్దిచోట్లే మిగిలినప్పుడు జంతువులు ఆ కొద్ది నీళ్ల దగ్గరికే వస్తాయి. చూడటానికి అదే మంచి కాలం. కానీ అప్పుడు జలపాతం ఉండదు.

రెండూ కలిసేది అక్టోబరు, నవంబరు ఆరంభంలోనే. సఫారీ మళ్లీ తెరుస్తారు, మల్లెలతీర్థంలో నీళ్లు ఇంకా బాగానే దూకుతుంటాయి, చలి ముదరదు. రెండూ కావాలనుకునేవాళ్లు ఆ రోజులు పట్టుకోవాలి. మిగతా నెలల్లో వచ్చేవాళ్లకు నా సలహా ఒకటే: ఏదో ఒకటి తేల్చుకుని రండి. ఆగస్టులో నీళ్ల కోసం రండి, ఏప్రిల్‌లో జంతువుల కోసం రండి. ఆగస్టులో వచ్చి పులి కనిపించలేదని, ఏప్రిల్‌లో వచ్చి జలపాతం ఎండిపోయిందని అలిగితే అడవి తప్పు కాదు.

అసలు ఏ అడవి గురించి చెబుతున్నారు?

అమ్రాబాద్ టైగర్ రిజర్వు. కృష్ణకు ఉత్తరాన, ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో, కొంత నల్లగొండ జిల్లాలో ఉంటుంది. 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులో ఇది భాగం. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపున్న అడవిని అమ్రాబాద్ పేరుతో వేరు చేశారు. బఫర్‌తో, అంటే చుట్టూ ఉన్న అంచు అడవితో కలిపి 2,600 చదరపు కిలోమీటర్ల పైనే ఉంటుంది. దేశంలోని పెద్ద టైగర్ రిజర్వుల్లో ఇదొకటి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే 765 నంబరు జాతీయ రహదారి దీని మధ్య నుంచే పోతుంది. శ్రీశైలం వెళ్లొచ్చిన ప్రతి కుటుంబమూ ఈ అడవిని దాటే ఉంటుంది, చాలామంది నిద్రపోతూ.

ఎలా రావాలి? ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి తుక్కుగూడ, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి దాపుగా డిండి, హాజీపూర్ మీదుగా అడవి మొదట్లో ఉన్న మన్ననూరు. సుమారు 140 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే మూడు గంటల్లో వస్తారు. కాస్త ఎండెక్కాక బయల్దేరితే నగరం దాటడానికే గంట పోతుంది.

మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా రావడం దగ్గర. నల్లగొండ నుంచైతే కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి. ఈ నల్లగొండ దారిని చాలామంది పట్టించుకోరు గానీ నాకు అన్నింటికన్నా ఇదే ఇష్టం. రద్దీ తక్కువ. దేవరకొండ కోట రోడ్డు మీది నుంచే కనిపిస్తుంది. డిండి జలాశయం నిండి ఉంటే కట్ట దగ్గర ఓ పావుగంట ఆగాలనిపిస్తుంది.

రెండు రోజుల్లో ఏమేం పెట్టుకోవాలి?

తక్కువ పెట్టుకోండి. ఒక్క శనివారంలో ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, ఆక్టోపస్ వ్యూ పాయింట్, డ్యాం, మల్లన్న దర్శనం, ఆదివారం పొద్దున అక్కమహాదేవి గుహలు, సఫారీ అంటూ రాసుకొచ్చే జాబితాలు నాకు పంపిస్తుంటారు. కాగితం మీద బాగానే ఉంటాయి. ఘాట్‌లో గంటకు 30, 40 కిలోమీటర్లకు మించి పోలేరని, పోకూడదని ఆ జాబితా రాసినవాళ్లకు తోచదు.

అక్టోబరులో అయితే నేను చెప్పే పద్ధతి ఇది. శనివారం తెల్లవారుజామునే బయల్దేరి, దారిలో టిఫిన్ చేసి, పది, పదకొండు గంటలకల్లా మల్లెలతీర్థం. మధ్యాహ్నం సద్ది తిని నెమ్మదిగా వెనక్కి మన్ననూరు. సాయంత్రం ఊరి చుట్టుపక్కలే నడక. ఆదివారం పొద్దున మొదటి సఫారీ, ఆ తర్వాత ఉమామహేశ్వరం చూసుకుని ఇంటిదారి. శ్రీశైలం ఇందులో లేదు. ఎందుకో కింద చెబుతాను.

మల్లెలతీర్థం ఎక్కడ? దిగడం కష్టమా?

శ్రీశైలం రోడ్డు మీద వటువర్లపల్లి నుంచి లోపలికి సుమారు 8 కిలోమీటర్లు. దారి సన్నగా ఉంటుంది, ఎదురుగా బండి వస్తే ఒకరు పక్కకు తీసి నిలబడాల్సిందే. అక్కడి దాకా బండి పోతుంది, టికెట్ తీసుకోవాలి. ఆ తర్వాత సుమారు 350 మెట్లు దిగాలి.

దిగేటప్పుడు అందరూ నవ్వుతూ, ఫోటోలు తీసుకుంటూ దిగుతారు. ఎక్కేటప్పుడే తెలుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను, గుండె జబ్బు ఉన్నవాళ్లను "ఏం కాదు, మెల్లగా దిగుదాం" అని బలవంతం చేయకండి. పైన చెట్ల కింద కూర్చోబెట్టి, తోడుగా ఒకరు ఉంటే సరిపోతుంది. చంటిపిల్లల్ని ఎత్తుకుని దిగేవాళ్లు చెప్పుల సంగతి చూసుకోవాలి. తడిసిన మెట్ల మీద నున్నటి రబ్బరు చెప్పులు జారతాయి.

కిందికి చేరితే మాత్రం శ్రమ గుర్తుండదు. ఎత్తైన రాతిగోడ మీది నుంచి నీళ్లు ఒకే ధారగా కాకుండా పొరలు పొరలుగా, నాచు పట్టిన అంచుల మీది నుంచి చిల్లులు పడ్డ తడికలోంచి కారినట్టు దిగుతాయి. కింద శివలింగం ఉంటుంది. ఆ నీళ్లు వాగై అడవిలోంచి పోయి కృష్ణలో కలుస్తాయి. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే శివస్వాముల్లో ఇక్కడ స్నానం చేసి పోయేవాళ్లున్నారు.

అక్కడ స్నానం చేయొచ్చా? ఈత కొట్టొచ్చా?

ధార కింద అంచున నిలబడి తడవడం వేరు, మడుగులోకి దిగడం వేరు. మొదటిది అక్కడి సిబ్బంది వద్దనకపోతే చేయండి. రెండోది వద్దు. ఇక్కడ మునిగి చనిపోయినవాళ్లున్నారు. నీళ్లు పైకి పచ్చగా, నిశ్చలంగా కనిపిస్తాయి, కింద రాయి ఎక్కడ తెగి లోతవుతుందో తెలియదు. ఇంకో సంగతి: మీరున్నచోట వాన లేకపోయినా పైన అడవిలో కురిసి ఉంటే నీళ్లు ఉన్నట్టుండి పెరుగుతాయి. ధార రంగు తెల్లగా ఉన్నది ఎర్రమట్టి రంగుకు తిరిగితే, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే, ఫోటో సగంలో ఉన్నా సరే మెట్ల దగ్గరికి వచ్చేయాలి. వరద మరీ ఎక్కువున్న రోజుల్లో అసలు కిందికే పంపరు. వాదన పెట్టుకోకండి.

పులి కనిపిస్తుందా?

కనిపించకపోవడమే మామూలు. ఇంత పెద్ద అడవిలో పులులు కొద్దిగానే ఉన్నాయి, ఒక్కోదాని తిరుగుడు చాలా దూరం. జీపు శబ్దం విని పక్కకు తప్పుకోవడం దానికి తెలుసు. పులులు తేలిగ్గా కనిపించే మహారాష్ట్ర తడోబా అడవికి వెళ్లొచ్చినవాళ్లు అదే లెక్కన ఇక్కడికొస్తే నిరాశే. ఇది చూపించే అడవి కాదు, వెతుక్కునే అడవి.

వెతుక్కునేవాళ్లకు మాత్రం చాలా ఉంది. దుప్పులు, కణుజులు, మనుబోతులు, అడవిపందులు, నెమళ్లు, కొండముచ్చులు కనిపించే అవకాశం బాగానే ఉంటుంది. నాలుగు కొమ్ముల కొండగొర్రె, రేసుకుక్కలు, చిరుత, గుడ్డెలుగు ఉన్నాయి గానీ అదృష్టం కావాలి. కుందేలంత ఉండే మూషిక జింకల్ని హైదరాబాద్ జూలో పెంచి ఈ అడవిలో వదిలారు. అవి రాత్రి తిరిగేవి కాబట్టి కంటపడటం అరుదు.

జంతువు కంటే ముందు దాని జాడ కనిపిస్తుంది. బాట పక్కన చీమల పుట్టకో చెదపుట్టకో మూర లోతున బొక్క తవ్వి, మట్టి అంతా ఒకవైపే ఎగజిమ్మి ఉంటే అది గుడ్డెలుగు పని. ముక్కు బొక్కలో పెట్టి చెదల్ని పీల్చేస్తుంది. కాస్త ముందుకు పోతే దాని లద్దె కనిపించొచ్చు. రేగుపళ్ల కాలంలో అందులో గింజలే గింజలు, ఇప్పపువ్వు రాలే మార్చి, ఏప్రిల్‌లో రంగే మారిపోతుంది. ఏం తిన్నదో, ఏ కాలమో ఆ లద్దె చెబుతుంది. మద్దిచెట్టు మొద్దు మీద నిలువుగా గీతలుంటే గైడును అడగండి. అది చిరుత గోళ్లదా, ఎలుగు తేనెపట్టు కోసం ఎక్కినదా అని వాళ్లు గీత లోతును బట్టి చెబుతారు.

చెవులు కూడా పనిచేయాలి. మేస్తున్న దుప్పి ఉన్నట్టుండి తల ఎత్తి, ముందుకాలు నేలకు కొట్టి, ఈల వేసినట్టు అరిస్తే అది ఏదో చూసింది. చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు "ఖక్, ఖక్" అని మొదలుపెడితే ఇంకా నమ్మొచ్చు, దానికి పైనుంచి కనిపిస్తుంది కాబట్టి. అప్పుడు జీపులో అందరూ నోరు మూసుకోవాలి. మనవాళ్లకు అదే కష్టం.

సఫారీ ఎలా బుక్ చేసుకోవాలి? మా కారులో వెళ్లొచ్చా?

సొంత బండిని లోపలికి పంపరు. మన్ననూరు దాటాక శ్రీశైలం రోడ్డు మీదున్న ఫర్హాబాద్ గేటు నుంచి అటవీశాఖ వాహనాల్లోనే తీసుకెళ్తారు, డ్రైవరు, గైడు వాళ్లే ఇస్తారు. గైడుల్లో చెంచు యువకులు ఉంటారు. బుకింగ్ ఆన్‌లైన్‌లో అమ్రాబాద్ టైగర్ రిజర్వు సైటులో చేసుకోవాలి. రాత్రి బస, సఫారీ, చిన్న ట్రెక్కింగ్ కలిపి ఒక ప్యాకేజీ 2021 నవంబరు నుంచి నడుపుతున్నారు. వారాంతాలకు గదులు ముందే అయిపోతాయి. ధరలు, వేళలు మారుతుంటాయి కాబట్టి నేను ఇక్కడ రాయడం లేదు, సైటులోనే చూసుకోండి.

పొద్దున్నే మొదటి ట్రిప్పు అడగండి. మధ్యాహ్నం రెండింటికి సఫారీకి వెళ్లి "ఏమీ లేదు" అనేవాళ్లతో ఏం మాట్లాడతాం? ఆ ఎండలో మనమైనా బయటికి వస్తామా.

ఫర్హాబాద్ పీఠభూమి అంచున వ్యూ పాయింట్ ఉంది. నిజాం కాలంలో ఇది వేట విడిది. కింద మైదానం, చెరువులు, మబ్బు లేకపోతే చాలా దూరం కనిపిస్తుంది. సఫారీలో జంతువు ఒక్కటీ దొరకని రోజున కూడా ఆ అంచున నిలబడితే పైసలు వసూలయ్యాయనిపిస్తుంది.

గుడ్డలు ఏ రంగువి వేసుకోవాలి?

మట్టి రంగు, ఆకుపచ్చ, బూడిద రంగు. సెంటు వద్దు. పొడుగు చేతుల చొక్కా ఉంటే పిడుదుల బాధ తక్కువ.

రాత్రి పూట అడవి దాటొచ్చా?

లేదు. రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఇటు మన్ననూరు, అటు శ్రీశైలం వైపు దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర గేటు వేసేస్తారు. రాత్రిళ్లు జంతువులు రోడ్డు దాటతాయి, వెచ్చగా ఉందని తారు మీదే పడుకునే పాములూ ఉంటాయి. బండ్ల కింద పడి చచ్చిపోయే వాటిని తగ్గించడానికే ఈ గేటు. "డాక్టర్ని", "ప్రెస్", "మా బావ ఫారెస్టులో" అంటూ గేటు దగ్గర చెప్పే మాటలు ఆ సిబ్బంది రోజూ వింటారు. ఒంట్లో బాగాలేని మనిషి బండిలో ఉంటే, అంబులెన్సు అయితే సంగతి వేరు.

దీన్నిబట్టి లెక్క వేసుకోండి. శ్రీశైలం నుంచి మన్ననూరుకు దాదాపు రెండు గంటల ఘాట్ ప్రయాణం. దర్శనం ఆలస్యమైందని ఎనిమిదిన్నరకు బయల్దేరి తొమ్మిది లోపల దోమలపెంట దాటేద్దామని ఆ మలుపుల్లో తొక్కేవాళ్లే ప్రమాదాలకు కారణం. సాయంత్రం ఆరున్నరకైనా బయల్దేరలేమనుకుంటే అక్కడే ఉండిపోవడం మేలు.

రోడ్డు ఎలా ఉంటుంది? కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నాను, బండి తేవచ్చా?

రోడ్డు తారుది, బాగుంటుంది. కానీ మన్ననూరు దాటాక మలుపులు మొదలవుతాయి, దోమలపెంట తర్వాత కృష్ణ లోయలోకి దిగే ఘాట్ మరీ మెలికలు. బస్సులు, లారీలు మలుపులో రోడ్డంతా తీసుకుంటాయి. హారన్ కొట్టి, లోపలి అంచు పట్టుకుని, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు వేసి ఉంచకుండా చిన్న గేరులో దిగాలి. ఇది అలవాటు లేకపోతే మల్లెలతీర్థం చూసి వెనక్కి వచ్చేయండి, దోమలపెంట ఘాట్ ఇంకోసారి చూడొచ్చు.

వేగం తక్కువ పెట్టుకోమని చెప్పేది ప్రమాదం గురించే కాదు. సఫారీకి డబ్బు కట్టినవాళ్ల కంటే, పొద్దున ఆరింటికి గేటు తీయగానే కిటికీలు దించి 30లో నడిపినవాళ్లకు ఈ రోడ్డు మీదే ఎక్కువ కనిపించిన రోజులున్నాయి. దుప్పుల గుంపు, రోడ్డు పక్క గుంటలో నీళ్లు తాగే ముంగిస, తారు మీద నెమలి. అలా కనిపించినప్పుడు బండి దిగొద్దు, అడ్డంగా ఆపొద్దు. పార్కింగ్ లైట్లు వేసి పక్కకు తీస్తే చాలు.

కోతులకు అరటిపళ్లు పెట్టొచ్చా? పుణ్యం కదా?

పెట్టొద్దు. పుణ్యం కోసమని చేసే ఈ పనితో కోతులు అడవి వదిలి రోడ్డు మీదే కాపురం పెట్టాయి. పండు కోసం ఉరికి టైరు కింద పడతాయి. పిల్లల చేతుల్లో ప్యాకెట్లు గుంజుకుంటాయి, ఇయ్యకపోతే కరుస్తాయి. పైగా రిజర్వులో ఇది నేరం, జరిమానా వేస్తారు. నేరేడు, మారేడు, తునికి పళ్లు అడవిలో వాటికి పుట్టెడున్నాయి.

ప్లాస్టిక్ గురించి అంత గట్టిగా ఉన్నారా?

ఉన్నారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ రిజర్వులో నిషేధం. ఇంటి నుంచి స్టీలు సీసాలు, టిఫిన్ డబ్బాలు తెచ్చుకోండి. చెత్తకు ఒక సంచి బండిలోనే ఉంచుకుని తిరిగి ఊరికి తీసుకెళ్లండి. ఉప్పు తగిలిన చిప్స్ కవరును దుప్పి నాకి, నమిలి, మింగేస్తుంది. మందు సీసాలు, డ్రోన్లు, డీజే బాక్సులు, వంట కోసం మంట, అన్నీ నిషేధమే. ఫిబ్రవరి నుంచి ఆకు ఎండి ఉంటుంది, ఒక్క బీడీ ముక్క చాలు.

చెంచు పెంటలకు వెళ్లొచ్చా?

పిలిచిన పని ఉంటే వెళ్లొచ్చు, చూడటానికని వెళ్లకూడదు. పెంట అంటే చెంచుల చిన్న ఊరు. దోమలపెంట, ఈగలపెంట అనే పేర్లన్నీ అలా వచ్చినవే. ఈ అడవిలో పుట్టి, తేనె, జిగురు, ఇప్పపువ్వు, చింతపండు సేకరించుకుని బతికేవాళ్లు. మన ట్రిప్పుకు అలంకారం కాదు. గుడిసె ముందు కూర్చున్న ముసలమ్మ ముఖానికి ఫోన్ పెట్టి వీడియో తీసేవాళ్లను చూస్తే సిగ్గేస్తుంది. మన వాకిట్లో ఎవరైనా అలా చేస్తే ఊరుకుంటామా?

2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు ఈ అడవిని కాపాడాలని ముందు గొంతెత్తినవాళ్లలో చెంచులున్నారు. ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. మీరు ఇవాళ చూస్తున్న చెట్టు ఉండటంలో వాళ్ల పాలు ఉంది.

వాళ్లకు మేలు చేయాలనుకుంటే తేనె, జిగురు గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. రోడ్డు పక్క ఎవరో బకెట్‌లో తేనెపట్టు పెట్టుకుని అమ్మే తేనెలో సగం బెల్లం పాకం ఉండొచ్చు.

సలేశ్వరం జలపాతం ఎప్పుడు చూడొచ్చు?

చైత్ర పౌర్ణమి జాతర అప్పుడు, ఆ కొద్ది రోజులే. లింగమయ్య కొలువైన లోతైన లోయ, పైనుంచి దూకే నీళ్లు, ఎండాకాలంలో కూడా అక్కడ చల్లగా ఉంటుంది. ఫర్హాబాద్ వైపు నుంచి కొంత బండిలో, ఆపై కాలినడకన, లేదా లింగాల మండలం అప్పాయిపల్లి వైపు నుంచి నడిచి పోతారు. దారి రాళ్లమయం, నిటారు, ఇరుకు. "వస్తున్నాం లింగమయ్యా" అనుకుంటూ పోతారు, తిరిగొచ్చేటప్పుడు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. వేలమంది మధ్య తొక్కిడి ఉంటుంది కాబట్టి దీన్ని విహారయాత్ర అనుకోవద్దు, మొక్కు ఉన్నవాళ్ల యాత్ర ఇది. మిగతా రోజుల్లో పంపిస్తామని ఎవరైనా పైసలు అడిగితే నమ్మకండి, అది కోర్ అడవి, అంటే జనాన్ని పోనివ్వని లోపలి భాగం.

ఉమామహేశ్వరం?

తప్పకుండా. అచ్చంపేట దగ్గర రంగాపూర్ మీదుగా కొండ పైకి రోడ్డుంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. పెద్ద బండరాయి గొడుగులా వంగి ఉంటే దాని కింద గుడి. పాపనాశనం దగ్గర రాతిలోంచి నీటి చుక్కలు ఏడాది పొడవునా రాలుతూనే ఉంటాయి. పెద్దవాళ్లు కూడా నడవగలిగే దూరమే.

అంత దూరం వచ్చాక శ్రీశైలం చూడకుండా ఎలా?

ఇంట్లో అమ్మ ఉంటే ఈ ప్రశ్న తప్పదు. నా మాట వినేటట్టుంటే శ్రీశైలాన్ని వేరే ప్రయాణంగా పెట్టుకోండి. శని, ఆది, సోమవారాల్లో, అందులోనూ కార్తీకంలో దర్శనానికే సగం రోజు పోతుంది. గదుల టెన్షన్ వేరు. అటు దర్శనమూ తొందరే, ఇటు అడవీ తొందరే.

డ్యాం గేట్లు ఎత్తితే?

అది వేరే సంగతి, అప్పుడు నేనూ పొమ్మంటాను. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. కృష్ణ వరద జూరాల నుంచి, తుంగభద్ర వరద సుంకేసుల నుంచి వచ్చి నిండుతుంది. నీళ్లు ఆ మట్టానికి దగ్గరపడ్డాక, రెండు గట్ల కరెంటు కేంద్రాలు వాడుకోగా ఇంకా మిగిలితేనే 12 గేట్లలో కొన్ని ఎత్తుతారు. వార్తల్లో "ఇన్‌ఫ్లో" ఎంత, మట్టం ఎంత అని చూసుకుంటే ఒకటి రెండు రోజుల ముందే ఊహించొచ్చు. గేట్లు ఎత్తిన ఆదివారం దోమలపెంట నుంచి డ్యాం దాకా బండ్లు బారులు తీరతాయి. వీలైతే మామూలు రోజున పోండి. డ్యాం కింది వంతెన మీద బండి ఆపి సెల్ఫీలు దిగేవాళ్ల వల్లే ఆ ట్రాఫిక్‌లో సగం.

మేం నల్లగొండ వాళ్లం. ఘాట్ వద్దు, పిల్లలున్నారు. ఇంకేమైనా ఉందా?

నాగార్జునసాగర్, ఎత్తిపోతల. హాలియా, పెద్దవూర మీదుగా పోతే మలుపుల బాధ లేదు. సాగర్‌కు 26 గేట్లు, పూర్తి మట్టం 590 అడుగులు. శ్రీశైలం నుంచి వదిలిన నీళ్లే దీన్ని నింపుతాయి కాబట్టి అక్కడ గేట్లు ఎత్తిన కొన్నాళ్లకు ఇక్కడ ఎత్తడం మామూలు వరస. సాగర్‌లో తెలంగాణ వైపే బుద్ధవనం ఉంది, 274 ఎకరాల్లో, 2022లో తెరిచారు. పిల్లలు ఉరకడానికి చోటుంది, పెద్దవాళ్లు నిదానంగా చూసే శిల్పాలున్నాయి.

అక్కడి నుంచి ఎత్తిపోతల 11 కిలోమీటర్లు, ఆంధ్రప్రదేశ్‌లోని పల్నాడు జిల్లా. చంద్రవంక వాగు సుమారు 70 అడుగుల నుంచి దూకుతుంది. పైనుంచి చూసే వేదిక ఉంది, కాబట్టి మెట్లు దిగలేనివాళ్లకు మల్లెలతీర్థం కన్నా ఇదే నయం. కింద మడుగులో మొసళ్లున్నాయి, అక్కడ మొసళ్ల పెంపకం కూడా చేస్తారు. స్నానం ఆలోచన పెట్టుకునేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలనుకుంటాను.

బండి లేదు. బస్సులో అయితే?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం బస్సులు మన్ననూరు మీదుగానే పోతాయి. అచ్చంపేటకు హైదరాబాద్, మహబూబ్‌నగర్ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. వటువర్లపల్లిలో దిగితే మల్లెలతీర్థం దాకా ఆ 8 కిలోమీటర్లు ఆటో దొరకడం మీ అదృష్టం. అడవి దారి, నడిచిపోవద్దు. నలుగురు కలిసి అచ్చంపేటలో జీపు మాట్లాడుకోవడం నయం.

పెట్రోలు, సిగ్నల్, ఆసుపత్రి?

ట్యాంకు డిండిలోనో అచ్చంపేటలోనో నింపుకోండి. మన్ననూరు దాటాక చాలా దూరం ఫోన్ పనిచేయదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, బుకింగ్ కాగితం స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి, రెండు బండ్లలో వస్తుంటే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. యూపీఐ నడవనిచోట్ల కోసం చిల్లర నోట్లు ఉంచుకోండి. పాము కరిస్తే కట్లు గట్టిగా బిగించడం, కోయడం, పసరు పూయడం వద్దు. మనిషిని కదలనీయకుండా పడుకోబెట్టి అచ్చంపేట ప్రభుత్వ ఆసుపత్రికో, శ్రీశైలం వైపు దగ్గరుంటే అటో తీసుకెళ్లాలి. సిగ్నల్ ఉన్నచోట 108.

తిండి సంగతి?

అడవి లోపల పెద్ద హోటళ్లు ఆశించకండి. అచ్చంపేటలో, హాజీపూర్ దగ్గర టిఫిన్లు దొరుకుతాయి. నేనైతే సద్ది కట్టుకునే వస్తాను: జొన్నరొట్టెలు, పల్లీల పొడి, చింతపండు పులిహోర. రెండు పూటలు చెడవు, చల్లారినా తినొచ్చు. తినేది బండిలోనో గేటు దగ్గరి షెడ్డులోనో తినండి, కోతుల ముందు డబ్బా మూత తీస్తే మీకు మిగలదు.

సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వస్తే రోడ్డు పక్క సీతాఫలాల బుట్టలుంటాయి. పాలమూరు సీతాఫలం పేరు పడ్డదే. పూర్తిగా మాగినవి కొంటే ఘాట్ మలుపుల్లో డిక్కీ అంతా గుజ్జు అవుతుంది. కళ్లు విచ్చుకుని, లోపల తెల్లగీత కనిపించే గట్టికాయలు అడగండి, రెండు రోజుల్లో ఇంట్లో మాగుతాయి. బేరం ఆడండి గానీ మరీ ఆడకండి, ఆ బుట్ట కోసం వాళ్లు తెల్లవారకముందే గుట్టలెక్కి ఉంటారు.

ఆదివారం తిరిగి ఎప్పుడు బయల్దేరాలి?

మధ్యాహ్నం రెండింటికి. నాలుగు దాటితే శ్రీశైలం నుంచి వచ్చే బండ్లన్నీ మీతోపాటే ఉంటాయి, ఆమనగల్లు, కడ్తాల్ దగ్గర మెల్లబడి తుక్కుగూడలో పూర్తిగా ఆగుతాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్ వాళ్లకు ఈ తొందర లేదు, చీకటి పడేలోపు డిండి లేదా అచ్చంపేట దాటితే చాలు.